దూకేవాడికి మొహమెందుకు?

యాక్షన్ సినిమాకి హీరోగా తీసుకునే మనిషికి స్టూలు ఎక్కినా కళ్ళు తిరగాలి. తిరగనివాణ్ణి ఆఫీసు గుమ్మం కూడా తొక్కనివ్వకూడదు! ఇది ఈ రచయిత నిశ్చితాభిప్రాయం.

నవ్వకండి. కాస్త నెమ్మదిగా ఆలోచించండి. హీరోకే దూకడం వచ్చిందనుకోండి, దూకేసి ఊరుకుంటాడు. అప్పుడు డూప్ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? తాడు లాగే ఎనిమిది మంది ఏం లాగుతారు? కింద పరుపులు పేర్చేవాళ్ళు ఎవరి కోసం పేరుస్తారు? ఒక్క మనిషి చేతగానితనం మీద ఇన్ని కుటుంబాలు చల్లగా బతుకుతుంటే దాన్ని చేతగానితనం అనొచ్చా? పరిశ్రమ అనాలి!

ఇంకా అనుమానం తీరనివాళ్ళు వీపు సంగతి వినండి.

వీపు అంటే మనిషే. ఇరవై రెండేళ్ళుగా సినిమాల్లో హీరోల బదులు దూకుతున్న డూప్. తెర మీద ఎప్పుడు చూసినా అతని వీపే కనబడుతుంది కాబట్టి స్టూడియోలో అందరికీ అదే పేరు అలవాటైంది. చిన్నవాళ్ళు "వీపన్నా" అంటారు, పెద్దవాళ్ళు "ఒరే వీపూ" అంటారు. పిలిస్తే పలుకుతాడు. మొహం తిప్పుకోడు, తిప్పుకున్నా ఎవరికీ తేడా తెలీదు.

ఆ వీపు ఇప్పటికి నలుగురు హీరోల దగ్గర పనిచేసింది. పోస్టర్ మీద హీరో వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాచి నిలబడ్డ బొమ్మ ఉందంటే అది మనవాడే. ఆ బొమ్మని గుండెల మీద పచ్చబొట్టు పొడిపించుకున్న అభిమాని ఒకడు బస్సులో సరిగ్గా వీపు పక్కనే కూర్చుని, "కొంచెం జరగవయ్యా" అని కసిరాడు. జరిగాడు.

అతని భార్య అదే స్టూడియోలో బట్టల విభాగంలో దర్జీ. హీరోకి చొక్కా కుట్టినప్పుడల్లా జతగా ఇంకోటి కుడుతుంది. ఒకటి హీరోకి, ఒకటి మొగుడికి. మొగుడి చొక్కాకి మోచేతుల దగ్గర రెండు వేళ్ళ వదులు ఎక్కువ. లోపల మెత్తలు పట్టాలి కదా!

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడకి సినిమాలంటే ప్రాణం, అల్లుడంటే అంతకన్నా ప్రాణం, ఈ రెండూ ఎక్కడా కలవకపోవడం ఆవిడ జీవితంలో పెద్ద దిగులు.

"మా అల్లుడు సినిమాల్లో చేస్తాడని ఎదురింటావిడతో అన్నాను. ఏడీ, చూపించమంది. ఎవర్ని చూపించను బాబూ? ఆ తన్నులు తినేవాడా అంటుంది. కాదు, తన్నేవాడు అన్నాను. తన్నేది హీరో కదా అంటుంది. హీరోయే గానీ వెనకవైపు మా అల్లుడు అని చెప్పేసరికి ఆవిడ నాకేదో అయిందని వాళ్ళాయన్ని పిలిచింది!"

ఇలా ఉండగా పేపర్లో ఒక ప్రకటన పడింది. పేరున్న నిర్మాత. కొత్త యాక్షన్ సినిమా. డూప్‌లు లేవు, తాళ్ళు లేవు, అంతా నిజం. నిజంగా దూకగలిగిన కొత్త హీరో కావాలి. ఎవరైనా రావచ్చు.

అత్తగారు ఆ కాగితం మడతపెట్టి అల్లుడి పళ్ళెం పక్కన పెట్టింది.

"ఇది నీ కోసమే వేశారు."

"నాకు నలభై నాలుగత్తయ్యా."

"అయితే ఏం? మొన్న చూసిన సినిమాలో ఆయనకి ఇంట్లో మనవడు పాకుతున్నాడట. తెర మీద కాలేజీలో చేరుతున్నాడు! నీకేం తక్కువ?"

వీపు నవ్వేసి భార్య వంక చూశాడు.  మూడు రోజుల తర్వాత ఆవిడ మిషను మీంచి ఒక కొత్త చొక్కా తీసి అతని చేతిలో పెట్టింది. అతను తొడుక్కుని మోచెయ్యి మడిచాడు. వదులు లేదు. ఇరవై రెండేళ్ళలో మెత్తలకి చోటు పెట్టకుండా ఆవిడ అతనికి కుట్టిన మొదటి చొక్కా అది. అప్పుడు అతనికి మొదటిసారి కోరిక పుట్టింది. అంతకుముందు భయం లేదు. కోరిక పుట్టాక భయం కూడా పుట్టింది.

ఆడిషన్ జరిగింది ఆఫీసు పైఅంతస్తులో. మెట్ల మీద నుంచి వీధి మలుపు దాకా జనం. లోపల బల్ల వెనక నలుగురు పెద్దలు. ఒకాయన దర్శకుడు, ఒకాయన నిర్మాత, ఒకాయన జుట్టు నిపుణుడు. నాలుగో ఆవిడ నిర్మాతగారి అక్క. ఊరికే చూసిపోదామని వచ్చింది. నిర్ణయాలన్నీ ఆవిడ మొహం చూసే జరుగుతున్నాయి.

మీరు అనుకుంటారు, యాక్షన్ హీరో పరీక్ష అంటే పరుగెత్తమంటారు, గోడ ఎక్కమంటారు అని. ఎంత అమాయకులండీ! మొదటి పరీక్ష ఫ్యాను. పెద్ద ఫ్యాను ముందు నిలబెట్టి జుట్టు ఏ దిక్కుకి ఎగురుతుందో చూశారు. వీపు జుట్టు ఏ దిక్కుకీ ఎగరలేదు. ఎగరడానికి ఉన్నది అంతంతమాత్రం.

రెండో పరీక్ష నడక.

"మీ వెనకాల పెట్రోలు బంకు పేలుతోంది," అన్నాడు దర్శకుడు. "మీరు ఇలా కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా మా వైపు నడిచి రావాలి."

"బంకు పేలితే పరుగెత్తాలి కదండీ?"

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జుట్టు నిపుణుడు కాగితం మీద ఏదో రాసి దర్శకుడి వైపు జరిపాడు. 'యాక్షన్ గురించి బొత్తిగా అవగాహన లేదు.'

వీపు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. చివరికి తనే అడిగాడు. "అయ్యా, దూకమంటారా?"

పెద్దలు ఉలిక్కిపడ్డారు. పొద్దుటి నుంచి ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

అతను కిటికీ తీశాడు. కిందకి ఒకసారి చూసుకున్నాడు. దూకాడు. కింద షాపు మీద రేకు ధడాల్మంది, ఆ వెంటనే వాకిట్లో పాదాలు ఆనిన చప్పుడు వినబడింది. ఒక్క నిమిషంలో నీళ్ళ గొట్టం పట్టుకుని అదే కిటికీలోంచి మళ్ళీ లోపలికొచ్చి, మోకాలు ఒకసారి రుద్దుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బాగుంది," అన్నాడు దర్శకుడు. "కానీ నమ్మబుద్ధి కావట్లేదు."

"దూకాను కదండీ!"

"అదే ఇబ్బంది. నిజంగా దూకితే దూకినట్టుండదు. దూకేముందు మీరు కిందకి చూసుకున్నారు. హీరో చూసుకోడు. దిగాక మోకాలు రుద్దుకున్నారు. హీరోకి మోకాళ్ళుండవు."

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ఒక యువకుడు లోపలికొచ్చాడు. ఒంటి మీద తెల్ల కోటు, గడ్డం కింద మాస్కు. నిర్మాతగారి అక్క కొడుకు. నాలుగు వీధుల అవతల పళ్ళ డాక్టరు. తల్లి కళ్ళజోడు తన క్లినిక్‌లో మర్చిపోతే ఇచ్చిపోదామని వచ్చాడు. వచ్చి, పాపం, చూసుకోకుండా ఫ్యాను ముందు నిలబడ్డాడు.

జుట్టు ఎగిరింది! ఎగిరి, నుదుటి మీద పడి, మళ్ళీ ఎగిరింది. నిపుణుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మేనల్లుణ్ణి నిర్మాతగారు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరిచాడు.

"మావయ్యా, నన్ను వదిలెయ్యండి," అన్నాడు డాక్టరు, విషయం అర్థం కాగానే. "నాకు ఎత్తంటే భయం. ఇంట్లో బల్బు పోతే పక్కింటివాళ్ళని పిలుస్తాను. క్లినిక్‌లో ఒకాయనకి నోట్లో దూది పెట్టి వచ్చాను, వెళ్ళాలి!"

"చూశారా, ఆ తొందరలో ఎంత యాక్షన్ ఉందో!" అన్నాడు దర్శకుడు.

నాలుగు నిమిషాల్లో హీరో ఖరారయ్యాడు. అయిదో నిమిషంలో వీపు కూడా ఖరారయ్యాడు. డూప్‌లు లేని సినిమాకి డూప్‌గా.

ఇందులో బంధుప్రీతి ఉందని కొందరు గిట్టనివాళ్ళు అంటారు. ఎంత అన్యాయం! ఇంటి మనిషే అయితే దెబ్బ తగలకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఉంటుంది. బయటివాణ్ణి హీరోని చేస్తే ఏ దయా దాక్షిణ్యం లేకుండా దూకించెయ్యరూ?

ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. "వచ్చిందా?"

"వచ్చిందత్తయ్యా. హీరో వేషమే. సగం."

"ఏ సగం?"

అతను చెప్పులు విప్పడంలో మునిగిపోయాడు. లోపల భార్య అతను విప్పిన ఆ కొత్త చొక్కా తీసుకుని మోచేతుల దగ్గర కుట్లు విప్పడం మొదలుపెట్టింది.  దారం అవసరమైనదానికంటే గట్టిగా లాగింది.

షూటింగు మొదలైంది. నిజం చెప్పాలంటే డాక్టరు బంగారంలాంటి మనిషి. అందరికన్నా ముందు వచ్చేవాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టేవాడు. ఫైటింగులో ఎవరినైనా కొట్టాల్సి వస్తే, కొట్టేముందు "సారీ అండీ" అనేవాడు. ఆ మాట డబ్బింగ్‌లో తీసేశారు.

పదో రోజున ఒక ఫైటరు మోచెయ్యి తగిలి వీపు దవడ పన్ను విరిగింది. ఎప్పటిలాగే ఉప్పునీళ్ళు పుక్కిలించి వచ్చి తన చోట నిలబడ్డాడు. డాక్టరు చూశాడు. మేకప్ వేసుకున్న మొహంతోనే చెయ్యి పట్టుకుని క్యారవాన్‌లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. కారులోంచి తన పెట్టె తెప్పించాడు.

"నోరు తెరవండన్నా. ఇంకొంచెం. నొప్పిగా ఉందా?"

నోరు తెరిచి ఉండగా వీపు జవాబు చెప్పలేకపోయాడు. మూసుకున్నాకా చెప్పలేకపోయాడు. ఇరవై రెండేళ్ళుగా పడి లేచిన ప్రతిసారీ జనం అతన్ని అడిగింది ఒక్కటే మాట, "షాట్ వచ్చిందా?" అని. ఇది కొత్త ప్రశ్న.

డాక్టరు చేతులు చూశాడతను. బయట ప్లాస్టిక్ కత్తి పట్టుకుంటేనే వణికే చేతులు, నోట్లో అంత చిన్న సూదితో పని చేస్తుంటే రాయిలా కదలకుండా ఉన్నాయి.

"క్లినిక్ మూసి రెండు వారాలైందన్నా. రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఒకావిడకి వేసిన పన్ను సగంలో ఉంది," అన్నాడు డాక్టరు. "ఇక్కడేమో నాకు ఏదీ రాదు."

"మీకు రాకూడదు డాక్టర్ గారూ. వస్తే నేనేమైపోతాను?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వీపుకి నవ్వితే దవడ నొప్పెట్టింది, అయినా నవ్వాడు.

ఆఖరి వారం అసలు ఘట్టం. మంటలంటుకున్న మేడ మూడో అంతస్తు నుంచి హీరో దూకాలి. కెమెరా సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో. మొహం స్పష్టంగా కనబడాలి. "డూప్‌లు లేవు అని ఊరంతా చాటాం," అన్నాడు నిర్మాత, "ఒక్కటైనా మావాడు చెయ్యాలి."

డాక్టరు మెట్లెక్కాడు. రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాడు. కమ్మీ పట్టుకున్న చేతులు ఊడిరాలేదు. కింద నుంచి తల్లి "దిగిరా నాన్నా!" అని, మేనమామ "ఎక్కరా నాన్నా!" అని ఒకేసారి కేకలు. ఒక గంట గడిచింది. డాక్టరు ఎక్కనూ లేదు, దిగనూ లేదు.

అప్పుడు గ్రాఫిక్స్ చూసే అమ్మాయి ముందుకొచ్చింది. "వీపన్నని దూకించండి. మొహం మేం మారుస్తాం."

కొత్త మొహం అతికించడానికి గుర్తులుగా వీపు బుగ్గల మీద, నుదుటి మీద నల్ల చుక్కలు పెట్టారు. దర్శకుడు వచ్చి భుజం తట్టి, ఇరవై రెండేళ్ళలో ఏ దర్శకుడూ అనని మాట అన్నాడు. "కెమెరా వైపు చూడు. కిందకి చూడకు. కన్ను కెమెరా మీంచి కదలకూడదు."

కిందకి చూసుకోకుండా దూకడమంటే చదివే మీకూ రాసే ఈ రచయితకీ ఒక వాక్యం. దూకేవాడికి అది వేరు. పరుపు ఎక్కడుందో కన్ను చెప్పాలి, కన్ను చెప్పినచోట కాలు దిగాలి. ఒక జానెడు తేడా వస్తే మర్నాడు వేరే డూప్‌ని వెతుక్కుంటారు.

భార్య కాలరు సరిచేసే నెపంతో దగ్గరికొచ్చింది. "కిందకి చూసుకోండి."

"చూడొద్దన్నారే."

"అయినా చూసుకోండి."

అతను పైకెళ్ళాడు. రెండో అంతస్తులో డాక్టరు కమ్మీ దగ్గరే ఉన్నాడు. "నన్ను క్షమించన్నా," అన్నాడు. వీపు అతని తల నిమిరి పైకెక్కాడు.

యాక్షన్ అన్నారు. దూకేటప్పుడు మొహం ఏం చెయ్యాలో వీపుకి తెలీదు. ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. గాల్లో ఉన్న ఆ రెండు క్షణాలూ కన్ను కెమెరా మీంచి తిప్పలేదు. ముందు భయం వచ్చింది, దాన్ని నెట్టుకుంటూ మొండితనం వచ్చింది, ఆఖర్న, ఎక్కడి నుంచో, పట్టరాని సంతోషం ఒకటి వచ్చింది. పరుపు అంచున పడ్డాడు. దొర్లి, లేచి, మోకాలు పట్టుకున్నాడు.

 తాడు లాగేవాళ్ళు చప్పట్లు కొట్టారు. భార్య మాత్రం కొట్టలేదు. గోడకి ఆనుకుని మెల్లగా కూర్చుంది.

తెర మీద ఆ షాట్ మూడుసార్లు వేసుకుని చూశారు. కెమెరామన్ మెల్లగా అన్నాడు, "దీన్ని ఇలాగే ఉంచేస్తే ఏం?"

"ఈ మొహం జనానికి తెలీదయ్యా," అన్నాడు నిర్మాత.

"చూపిస్తే తెలుస్తుంది కదండీ."

"తెలిశాక చూపిద్దాం."

ఇంత పకడ్బందీ తర్కానికి ఎవరు మాత్రం ఏం జవాబు చెప్తారు? మూడు నెలలు కూర్చుని, పదకొండు మంది, ఆ మొహం తుడిచి డాక్టరు మొహం పెట్టారు. భయం, మొండితనం, సంతోషం మాత్రం వీపువే ఉంచారు. అవి డాక్టరు దగ్గర దొరకలేదట.

సినిమా పెద్ద హిట్టు! ఆ దూకుడు చూసి హాళ్ళలో జనం కుర్చీలెక్కారు. 'ఆ కళ్ళలో ప్రాణభయాన్ని ఇంత నిజాయితీగా పలికించిన హీరో ఈమధ్య లేడు' అని పత్రికలు రాశాయి.

విజయోత్సవ సభలో డాక్టరు మైకు పట్టుకున్నాడు. 

"ఆ దూకింది నేను కాదండీ."

హాలంతా చప్పట్లు! "ఎంత వినయం!" అంది యాంకరమ్మ.

"వినయం కాదమ్మా. నిజంగానే నేను కాదు."

ఈలలు! రెండో వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"దూకింది ఆయన!" అని డాక్టరు చివరి వరసలో ఉన్న వీపుని స్టేజీ మీదకి లాక్కొచ్చాడు. "నా దగ్గరున్నది మొహమే. మిగతాదంతా ఈయనది!" జనం లేచి నిలబడి మరీ కొట్టారు. డూప్‌ని కూడా స్టేజీ ఎక్కించే హీరో ఇంకెవరున్నారు?

యాంకరమ్మ మైకు వీపు ముందుంచింది. "ఇంత గొప్ప మనసున్న హీరోగారి గురించి రెండు మాటలు చెప్పండి!"

వీపు గొంతు సవరించుకున్నాడు. "ఈయన్ని వదిలెయ్యండమ్మా. ఒకావిడకి పన్ను సగంలో ఉంది."

ఆ నవ్వుల్లోనే నిర్మాతగారు మైకు అందుకుని రెండో భాగం ప్రకటించేశాడు. హీరో పాత ఆయనే. డూప్‌లు ఈసారీ లేవు. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. దాన్ని కూడా సంతోషమే అనుకున్నారు.

మర్నాడు గ్రాఫిక్స్ అమ్మాయి వీపు ఫోనుకి ఒక ముక్క పంపింది. మొహం మార్చకముందు తీసిన అసలు షాట్. 'నల్ల చుక్కలు మాత్రం తుడిచానన్నా. ఇంకేమీ ముట్టుకోలేదు' అని కింద రాసింది.

ఆ సాయంత్రం అతను అత్తగారి పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు. భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. కబుర్లకి వచ్చిన ఎదురింటావిడ కూడా తల వంచి చూసింది. మంటలు, మేడ, దూకుడు. అల్లుడి మొహం, తెర నిండా.

అత్తగారు ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. ఎదురింటావిడ అంది, "ఇది మొన్న హాల్లో చూసిందే కదా వదినా? అందులో ఆ డాక్టరబ్బాయి కదూ దూకింది?"

అత్తగారు ఫోను దించి అల్లుడి వంక చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను ఏదో సరదాకి అన్న మాట పట్టుకుని ఎంత శ్రమపడ్డావు బాబూ! నా కోసం ఆ హీరో మొహం తీయించి నీది అతికించావా?"

"అమ్మా, అది..." అని భార్య ఏదో అనబోయింది. వీపు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎలా వచ్చిందత్తయ్యా?"

ఆవిడ మళ్ళీ ఒకసారి పెట్టుకుని శ్రద్ధగా చూసింది. అల్లుడి దగ్గర అబద్ధం ఆడటం ఇష్టం లేని మనిషి.

"బానే ఉంది గానీ, ఆ భయం... అది హీరో మొహం మీద కుదిరినంత సహజంగా నీ మొహం మీద కుదరలేదు."

వీపు ఫోను తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"అవునత్తయ్యా," అన్నాడు. "మెడ దగ్గర అతుకు కూడా కొంచెం తెలిసిపోతోంది."